దాసోహమూర్తి ఫకీరప్ప హళకట్టి

బసవాది ప్రమథులు లోకమునకు అనుగ్రహించిన ధర్మమునందు కాయకము, దాసోహము అను రెండును బండికి రెండు చక్రముల వంటివి. ఒళ్లు వంచి, సత్యము తప్పక చేయు పని కాయకము. ఆ పనివలన లభించినదానిని తనదని కూడబెట్టుకొనక, గురు లింగ జంగమ స్వరూపమైన సమాజమునకు వినయముతో అర్పించుట దాసోహము. ఈ రెండు మాటలను ఎరిగినవారు మనలో పెక్కుమంది కలరు. ఎరిగినదానిని తమ యూరి వీథులలో, తమ యింటి గడపలో ఆచరించి చూపినవారు కొందరే. అట్టి కొందరిలో అగ్రగణ్యులు, వచన పితామహులని కన్నడ దేశము కొనియాడిన ఫకీరప్ప గురుబసప్ప హళకట్టివారు. వారు మఠాధిపతులు కారు, సంపన్నులు కారు. వకీలు వృత్తిచే కుటుంబమును పోషించుకొనవచ్చిన గృహస్థులు. తమ జన్మకు సార్థకత యెక్కడ కలదాయని వారు దూరదేశములలో వెదకలేదు. వచ్చి చేరిన యూరికి చేతనైన సేవ చేయుచు పోగా, ఆ సేవయే వారికి జీవిత పరమార్థమును చూపెను.

ధారవాడ పట్టణమున 1880 జూలై 2వ తేదీన ఫకీరప్పగారు జన్మించిరి. తండ్రి గురుబసప్ప, తల్లి దానమ్మ. గురుబసప్పగారు ఉపాధ్యాయులు, కన్నడమున గ్రంథరచన చేసిన విద్వాంసులు. తల్లి బాల్యముననే గతించుటచే ఆ బాలునికి పుస్తకములును, తండ్రిగారి విద్యాసక్తియు తోడయ్యెను. ఆ కాలమున ధారవాడ, బెళగావి, బిజాపురము జిల్లాలు బొంబాయి రాజధానిలో చేరియుండెను. కచ్చేరీలలోను, చదువుకొన్నవారి గోష్ఠులలోను మరాఠీ భాషకు ఉన్న గౌరవము కన్నడమునకు లేకుండెను. తమ తల్లిభాషలో ఇంతటి ధర్మ సాహిత్యము కలదని కన్నడిగులలోనే పలువురు ఎరుగరు.

ధారవాడలో ప్రవేశపరీక్ష ముగించి ఫకీరప్పగారు బొంబాయి నగరమునకు పోయి సెయింట్ జేవియర్ కళాశాలలో చేరిరి. అచట విజ్ఞానశాస్త్రమున పట్టము పొంది, పిదప న్యాయశాస్త్రము నభ్యసించిరి. కర్ణాటక కులపురోహితులని తరువాత ప్రసిద్ధిగాంచిన ఆలూరు వేంకటరావుగారి స్నేహము వారికి అచటనే లభించెను. గుజరాతీలును, మహారాష్ట్రులును తమ భాషలయందు చూపు అభిమానము, తమవారి కొరకు వారు నడపు సభలు, పాఠశాలలు, పత్రికలు ఆ యువకుని కన్నులయెదుట ఉండెను. వారు చేయగలిగినది మనవారు ఏల చేయరాదు అను ప్రశ్న ఆయన మనస్సున నాటుకొనెను. ఆ ప్రశ్నను ఇతరులపై వేసి ఊరకుండక, తమకు తామే సమాధానము చెప్పుకొనవలెనని నిశ్చయించుకొనిరి.

1904లో న్యాయవాది పట్టా పొంది, తొలుత బెళగావిలో వృత్తి ప్రారంభించి, కొలదికాలముననే బిజాపురము చేరిరి. నేడు విజయపురమని పిలువబడు ఆ నగరము ఆదిల్‌షాహీ సుల్తానుల రాజధానిగా, గోల్ గుమ్మటమునకు నెలవుగా లోకప్రసిద్ధము. ఆ కట్టడముల నీడలో ఉన్న జిల్లా మాత్రము వానకు మొగము వాచిన నల్లరేగడి నేల. కరువు వచ్చినచో రైతు ఎడ్లను అమ్ముకొనును, ఎడ్లు పోయినచో వడ్డీవ్యాపారి వాకిట నిలుచును. బడి లేని పల్లెలు అనేకము. ఇంకొక విశేషము కూడ కలదు. బసవేశ్వరుడు జన్మించిన బాగేవాడియు, ఆయన లింగైక్యము పొందిన కూడలసంగమమును నాటి బిజాపురము జిల్లాలోనివే. ఆ మహానుభావుని పాదధూళి సోకిన నేలలోనే ఆయన మాటలు జనులకు అందని స్థితిలో ఉండెను.

క్రొత్తగా వచ్చిన వకీలు న్యాయస్థానమున పేరు తెచ్చుకొనుటకు శ్రమించుట సహజము. హళకట్టివారును తమ వృత్తిలో సమర్థులని పేరు పొందిరి. కాని న్యాయస్థానము ముగిసిన పిదప వారి దినము ముగియలేదు. కక్షిదారులై వచ్చిన రైతుల కష్టములను వారు కాగితములపై చదివి విడువక, ఆ కష్టములకు మూలమేమియని విచారించిరి. వ్యాజ్యమునకు కారణము అప్పు. అప్పునకు కారణము న్యాయమైన వడ్డీకి సొమ్ము దొరకకుండుట. దస్తావేజులో ఏమి వ్రాసియున్నదో తెలియక వ్రేలిముద్ర వేయుటకు కారణము చదువులేమి. ఇట్లు ఒక్కొక్క వ్యాజ్యమును వెనుకకు త్రవ్వుకొని పోగా, వకీలు చేయవలసిన పనికన్న పౌరుడు చేయవలసిన పనియే మిక్కిలియని వారికి తోచెను.

పురపాలక సంఘ సభ్యులై ఊరి మేలుకొరకు పాటుపడిరి. 1910లో తోడి పెద్దలతో కలసి బిజాపురము లింగాయత జిల్లా విద్యాసంస్థను స్థాపించిరి. 1912లో సిద్ధేశ్వర సహకార బ్యాంకునకు పునాది వేసిరి. సహకార సంఘముల చట్టము మన దేశమున 1904లో వచ్చి, 1912లో విస్తరింపబడెను. చట్టము వచ్చినంతమాత్రమున సంఘము పుట్టదు. పది యిండ్లకు తిరిగి, చిన్న మొత్తములనైనను వాటాలుగా చేర్చి, లెక్కలు వ్రాసి, అప్పు తీసికొన్నవానిచే గడువునకు కట్టించి, ఒకరి సొమ్ము ఒకరికి అక్కఱకు వచ్చునట్లు చేయగల విశ్వాసపాత్రుడు ఒకడు కావలెను. ఆ విశ్వాసపాత్రత హళకట్టివారియందు జనులకు కనబడెను. 1920 తరువాత కొంతకాలము బొంబాయి శాసనసభయందు కూడ సభ్యులైరి. ఆంగ్ల ప్రభుత్వము రావు బహద్దూర్ బిరుదము నొసగెను. ఇంతటితో ఆగియున్నను వారిని ఊరివారు మంచి పౌరుడని స్మరించియుందురు.

అయితే వారి హృదయమును పట్టియుంచిన పని వేరొకటి. విద్యార్థి దశ ముగియు కాలముననే తాళపత్రములపై ఉన్న శరణుల వచనములు వారి కంటబడెను. ఒకసారి చదివినంతనే ఆ మాటల సూటిదనము, అందలి అనుభవము, జాతిభేదమును త్రోసిపుచ్చు ధైర్యము వారిని ఆకర్షించెను. బిజాపురమున స్థిరపడి జిల్లాలోని పల్లెలతో సంబంధము పెరిగిన కొలది, ఆ గ్రంథములు ఎన్నియిండ్లలో, ఎన్ని మఠములలో ఎట్టి దుస్థితిలో ఉన్నవో తెలియవచ్చెను.

తాటియాకుపై గంటముతో వ్రాసిన గ్రంథమునకు ఆయుర్దాయము స్వల్పము. దానిని అప్పుడప్పుడు విప్పి, దులిపి, తైలము పూసి, శిథిలము కాకమునుపే క్రొత్త ఆకులపై ప్రతి వ్రాయవలెను. తరతరమునకు ఒక వ్రాయసకాడు ఉండవలెను. ఆ పరంపర ఆగిపోయినచో గ్రంథము కట్ట రూపమున మిగిలియుండును కాని లోపల చెదలు పట్టును, పురుగు తొలుచును, అంచులు విరిగి అక్షరములు రాలును. మన యిండ్లలో జరిగినదియు అదియే. పెద్దలు వ్రాసినదని భక్తితో ఎఱ్ఱని గుడ్డలో చుట్టి, దేవుని గూటిలో నుంచి, విభూతి పెట్టి, పూవులు వైచి పూజించిరి. విప్పి చదువుట మాత్రము మానిరి. ప్రాణముతోనున్న వాక్కునకు పూజ చేయుచునే దానిని చావనిచ్చుట ఎంతటి విపరీతము!

హళకట్టివారు ఊరూర తిరిగిరి. గ్రంథము ఇంటి గడప దాటినచో కీడు కలుగునని శంకించువారిని మెల్లగా ఒప్పించిరి. ఇచ్చినవారివద్ద తీసికొని, ఇయ్యనివారి యింటనే కూర్చుండి ప్రతి వ్రాసికొనిరి. ఇట్లు దాదాపు 1000 తాళపత్ర గ్రంథములను వారు సేకరించిరి. సేకరించుట ఒక యెత్తు, శోధించుట మరియొక యెత్తు. ఒకే వచనము ఒక ప్రతిలో ఒక విధముగను, మరొక ప్రతిలో మరొక విధముగను ఉండును. ఒక శరణుని వచనము వేరొకరి పేర చేరియుండును. చివర వచ్చు అంకితమును బట్టి కర్తను గుర్తించి, పాఠభేదములను సరిచూచి, విషయానుక్రమమున కూర్చవలెను. విజ్ఞానశాస్త్రమున నేర్చిన పరిశీలనయు, వకీలుగా అలవడిన సాక్ష్యవిచారణయు ఈ పనియందు వారికి సాధనములయ్యెను. పగలు న్యాయస్థానము, రాత్రి దీపము ముందు తాళపత్రము. ఏండ్ల తరబడి వారి దినచర్య ఇదియే.

ఈ శ్రమకు ఫలము సామాన్యమైనది కాదు. అంతకుముందు కన్నడ సాహిత్య చరిత్రకారులకు తెలిసిన వచనకారులు సుమారు 50 మంది మాత్రమే. హళకట్టివారి పరిశోధనవలన ఆ సంఖ్య 250 వరకు పెరిగెను. బసవేశ్వరుడు, అల్లమప్రభువు, చెన్నబసవేశ్వరుడు, అక్కమహాదేవి వంటి మహనీయుల సరసన పడవ నడపు అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేనిన నులియ చందయ్య, చెప్పులు కుట్టిన మాదార చెన్నయ్య, బియ్యపు గింజలేరిన ఆయ్దక్కి మారయ్య, ఆయన పత్ని లక్కమ్మ మొదలగువారు తమ తమ కాయకములతో, తమ తమ మాటలతో మరల లోకమునకు దర్శనమిచ్చిరి. కల్యాణపు అనుభవమంటపము ఎట్టి సభయో అప్పుడు జనులకు తెలిసెను. దుంప త్రవ్వువాడును, దొరతనము చేయువాడును ఒకే వరుసలో కూర్చుండి పరతత్త్వమును చర్చించిన సభ అది.

గ్రంథము సిద్ధమైనంతమాత్రమున చదువరికి అందదు. 1922లో వారు చేసిన బసవ వచనముల ఆంగ్లానువాదము ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికయందు వెలువడెను. కాని కన్నడ మూలమును కన్నడిగులకు అందించుట కష్టమయ్యెను. వచనశాస్త్రసారము అను పేర కూర్చిన వ్రాతప్రతిని మంగళూరులోని బాసెల్ మిషన్ ముద్రణాలయమునకు పంపగా, అది అచ్చుకాకయే తిరిగివచ్చెను. మరియొకరైనచో నిరాశపడి ఆ కట్టను అటకపై నుంచియుందురు. వారు బెళగావిలోని మహావీర ముద్రణాలయమున అచ్చువేయించి, 1923లో ప్రథమ భాగమును ప్రకటించిరి. వచన సాహిత్యపు పునరుజ్జీవనమున ఆ సంవత్సరము చిరస్మరణీయము.

ఒక్కొక్క గ్రంథమునకు పరాయి ఊరి ముద్రణాలయము వాకిట నిలుచుటకన్న స్వంతముగ ఒకటి పెట్టుకొనుట మేలని వారు తలచిరి. దానికి తగిన ధనము లేదు. ఉన్నదొక యిల్లు. ఆ యింటిని అమ్మి 1925లో బిజాపురమున హితచింతక ముద్రణాలయమును స్థాపించిరి. 1926లో శివానుభవ పత్రికను, తొలుత త్రైమాసికముగ, ప్రారంభించిరి. 1927లో నవకర్ణాటక వారపత్రికను వెలువరించిరి. మూడు దశాబ్దములకు పైగా శివానుభవమును నడపినవారు వారే. వ్యాసములు వ్రాయుట, అచ్చుతప్పులు దిద్దుట, చందాదారులకు జాబులు వ్రాయుట, అన్నిటికిని వారే పూనుకొనిరి. శూన్యసంపాదనము, హరిహరుని రగడలు మొదలగు మహాగ్రంథములు వారి కృషివలన ముద్రణ భాగ్యము పొందెను. చిన్న సమాజమునకు పత్రిక నడపువారికి ఆ కష్టము తెలియును. చదువువారు పదిమంది, చందా పంపువారు ఇద్దరు, కాగితపు వెల మాత్రము ప్రతి సంవత్సరము పెరుగును.

ఈ త్యాగమును కొనియాడునపుడు ఒక సత్యమును మరువరాదు. ఇల్లు అమ్మినవారు హళకట్టివారు ఒక్కరే కాదు. ఆ యింటి ఇల్లాలు భాగీరథమ్మగారును, బిడ్డలును ఆ త్యాగమున భాగస్వాములు. వకీలు భార్య అని పేరుండి, అద్దె యింట సంసారము నీడ్చుట సులభమైన పనికాదు. వృత్తిపై శ్రద్ధ తగ్గిన కొలది రాబడి తగ్గెను. రాబడి తగ్గినను అచ్చు ఆగలేదు. అతుకులు వేసిన కోటు ధరించి, చేత పుస్తకములు పట్టుకొని వారు వీథిలో నడచుచుండిరని ఆ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. దాసోహము మిగిలినదానిని ఇచ్చుట మాత్రమే అయినచో దానికింత మహిమ ఎట్లు కలుగును? ఇచ్చుటవలన తనకు కొఱత కలిగినను చింతింపకుండుటయే దాని పరీక్ష. ఆ పరీక్ష పురుషునికన్న ఇంటి స్త్రీకే ముందు వచ్చును. పేరు మాత్రము పురుషునికే వచ్చును.

1926లో బళ్లారి నగరమున జరిగిన కన్నడ సాహిత్య సమ్మేళనమునకు హళకట్టివారు అధ్యక్షులైరి. అప్పుడు బళ్లారి మదరాసు రాజధానిలోనిది, తెలుగు కన్నడములు రెండును ఇంటింట వినవచ్చు జిల్లా. ఆ సంవత్సరముననే పాల్కురికి సోమనాథుని బసవపురాణము వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిష్కరణమున మదరాసునుండి వెలువడుట గమనింపదగినది. ఒకే సంవత్సరమున ఆ దిక్కున శివానుభవము పుట్టెను, ఈ దిక్కున బసవపురాణము వెలుగుచూచెను. సోమనాథుని కావ్యమును భీమకవి 1369లో కన్నడించి రెండు భాషల శివభక్తులకు నడుమ వేసిన వంతెన పాతదే. తెలుగు లింగాయత కుటుంబములు నేడు బసవేశ్వరుని చరితము నొక్కదానినే కాక, శరణుల వచనములను కూడ తమ భాషలో చదువుకొనగల్గుచున్నవనిన, ఆ అనువాదములకు ఆధారమైన మూలములలో హళకట్టివారి చెమట కలదు.

కన్నడ ఆచార్యులైన బి. ఎం. శ్రీకంఠయ్యగారు బిజాపురము వచ్చినపుడు, గోల్ గుమ్మటమును చూడరాదా యని అడిగినవారితో, తాము చూడవచ్చినది వచనముల గుమ్మటమునేయని చెప్పి హళకట్టివారి యింటికి పోయిరని ప్రసిద్ధి. 1956లో ధారవాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయము వారికి గౌరవ డాక్టరు పట్టము నొసగెను. గౌరవము ఆలస్యముగ వచ్చినను వారి పని దానికొరకు ఎదురుచూచియుండలేదు. చివరిదినముల వరకు శివానుభవముతోడనే కాలము గడిపి, 1964 జూన్ నెలలో, 84వ యేట, వారు లింగైక్యులైరి.

వారు నాటినవి వాడిపోలేదు. 1910లో పుట్టిన విద్యాసంస్థ నేడు వైద్య, సాంకేతిక కళాశాలలతో మహావృక్షమై యున్నది. ఆ సంస్థలోని పరిశోధన కేంద్రము వారి పేరనే నడచుచున్నది. వారి సమగ్ర సాహిత్యము సంపుటములుగ ప్రకటింపబడినది. 1912 నాటి సహకార బ్యాంకు వారిని స్థాపకులుగ స్మరించుచున్నది.

ఆయ్దక్కి మారయ్య కథ మన పిల్లలకు సైతము తెలిసినదే. ఒకనాడు ఆయన నిత్యముకన్న ఎక్కువ బియ్యము ఏరుకొని రాగా, మన కక్కఱలేనిది మన యింట ఉండరాదని లక్కమ్మ ఆ యెక్కువను తిరిగి అచటనే పోసి రమ్మని పంపెను. హళకట్టివారి జీవితము ఆ కథకు విస్తరణమువంటిది. చదువు, వృత్తి, ఇల్లు, రాత్రి నిద్ర, అన్నిటిలోను తమకు అక్కఱకు మించినది ఏదియో వారు కొలుచుకొని, ఆ మించినదానిని ఎక్కడినుండి వచ్చెనో అక్కడికే తిరిగి ఇచ్చిరి.

ఈ చరిత్ర చదివిన యువకులకు ఒక సందేహము కలుగవచ్చును. తమకు ఏ పనియందు అనురాగమో తెలియకుండ ఎట్లు ప్రారంభింపవలెనని. హళకట్టివారు బిజాపురము చేరిన దినమున వచన పితామహులు కారు. వారు పురపాలక సభలో కూర్చుండిరి, బడికి చందాలు అడిగిరి, బ్యాంకునకు వాటాలు చేర్చిరి, రైతులతో మాటాడిరి. ఆ నడకలోనే తమ పని తమకు ఎదురువచ్చెను. అనురాగము ముందు, సేవ పిదప అని వేచియున్నవానికి రెండును దొరకవు. ఎదుటనున్న చిన్న పనికి చేయి వేసినవానికి పెద్ద పని తనంత తానే చేతికి వచ్చును.

మన యూళ్లలో చేయవలసినవి కొఱతపడలేదు. మఠపు గ్రంథాలయము తలుపు తాళము తీసి వారమునకు ఒక పూట తెరచియుంచుటకు ఒకరు కావలెను. పిల్లలకు సాయంకాలము చదువు చెప్పుటకు ఒకరు కావలెను. దాసోహపు వంటయింట కట్టెలు మోయుటకు, వృద్ధులను వైద్యశాలకు తీసికొనిపోవుటకు, సంఘపు లెక్కలు తప్పులేక వ్రాయుటకు ఒక్కొక్కరు కావలెను. మన దేవుని గూళ్లలో ఎఱ్ఱగుడ్డ చుట్టిన కట్టలు ఇంకను కొన్ని ఉండవచ్చును. నేడు వానిని ఛాయాచిత్రములుగ తీసి భద్రపరచు సౌకర్యము కలదు. హళకట్టివారికి అట్టి సౌకర్యము లేదు. వారికి ఉండినది గుడ్డముడి విప్పు చేయి మాత్రమే. పూజతోపాటు ఆ ముడిని కూడ విప్పినచో, ఆ మహనీయునికి మన శరణార్థి చేరినట్లే.